ఇంటికి పనికొచ్చే చిన్న చిన్న అల్లికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని లెక్కలన్నీ రెండు సూదులతో చేసే అల్లికకు, అంటే నిట్టింగ్‌కు సంబంధించినవి. నిట్, పర్ల్ కుట్లు వేయడం, కుట్లు ఎక్కించడం, చివర్న ముగించడం వచ్చినవాళ్ళకి ఇవి సరిపోతాయి. స్వెట్టరయితే ఒంటికి అమరాలి. ఇంటి వస్తువుకి ఆ బాధ లేదు, కానీ అది నీళ్ళనో వేడినో బరువునో తట్టుకోవాలి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అదే.

మొదటి వస్తువుగా ఏది అల్లితే మంచిది?

గిన్నెలు తుడిచే చదరపు గుడ్డ. చాలామంది మఫ్లర్‌తో మొదలుపెట్టమంటారు. అది సగంలో విసుగు పుట్టించి మూలన పడుతుంది. గుడ్డయితే రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. కొలత వేలెడంత అటూ ఇటూ అయినా గిన్నెలు తుడవడానికేమీ అడ్డం కాదు.

కావలసినవి: మధ్యరకం మందం ఉన్న నూలు దారం 50 గ్రాములు, 4.5 మిల్లీమీటర్ల సూదులు, కత్తెర, కొసలు దాచడానికి మొన మొద్దుగా ఉండే పెద్ద కన్ను సూది. 36 కుట్లు ఎక్కించండి. ప్రతి వరసా నిట్ కుట్లే వేయండి. దీన్నే గార్టర్ అల్లిక అంటారు. రెండు వరసలకి ఒక గట్టులాంటి గీత తేలుతుంది. 36 గట్లు, అంటే 72 వరసలు వచ్చాక ముగించండి. 10 సెంటీమీటర్లకి 18 కుట్లు పడితే గుడ్డ 20 సెంటీమీటర్ల చదరం అవుతుంది, దారం 30 నుంచి 40 గ్రాములు పడుతుంది.

గార్టర్‌లో ఒక కుట్టు వెడల్పూ ఒక గట్టు ఎత్తూ దాదాపు సమానం. అందుకే ఎన్ని కుట్లో అన్ని గట్లు వేస్తే చదరం వస్తుంది. టేపు లేకపోతే గుడ్డని మూలకి మూల కలిపి మడవండి. అంచులు కలిశాయంటే చదరం అయినట్టే.

ఊలా, నూలా, యాక్రిలిక్కా? ఏ వస్తువుకి ఏది వాడాలి?

నీళ్ళు పీల్చాల్సిన ప్రతిదానికీ నూలే. తుడిచే గుడ్డలు, చేతి తువ్వాళ్ళు, గ్లాసు కింద వేసే కోస్టర్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నూలు వేడినీళ్ళకి, రుద్దుడుకి తట్టుకుంటుంది. దానిలో లోపం ఒక్కటే, సాగే గుణం లేదు. దారంలో జీవం లేనట్టుంటుంది, ఎక్కువసేపు అల్లితే వేళ్ళు నొప్పి పుడతాయి. నున్నటి లోహపు సూదులకి బదులు వెదురు సూదులు వాడితే కుట్లు జారకుండా పట్టుకుంటాయి.

యాక్రిలిక్ చవక, రంగులు బోలెడు, ఉతకడం తేలిక. కానీ నీళ్ళు సరిగా పీల్చదు, వేడికి కరుగుతుంది. సీసా తొడుగులకి, చిన్న సంచులకి, బుట్టలకి బాగుంటుంది. పొయ్యి దగ్గర వాడే వస్తువుకి మాత్రం ఒక్క పోగు కూడా కలపకండి. కరిగిన యాక్రిలిక్ చర్మానికి అతుక్కుంటుంది.

ఊలు తొందరగా అంటుకోదు, వేడిని బాగా ఆపుతుంది. అందుకని మసిగుడ్డకి మంచిదే. కాకపోతే మామూలు ఊలుని వేడినీళ్ళలో ఉతికితే అట్టకట్టి చిన్నదైపోతుంది. ఆ గుణాన్నే వాడుకునే పద్ధతి కింద మసిగుడ్డల దగ్గర ఉంది.

దారం చుట్ట మీద చీటీ పోయింది. మందం ఎలా తెలుసుకోవాలి?

స్కేలుకి దారాన్ని పక్కపక్కనే చుట్టండి. మీద మీద ఎక్కకూడదు, గట్టిగా లాగకూడదు. రెండున్నర సెంటీమీటర్లలో సుమారు 9 చుట్లు పడితే అది మధ్యరకం. ఇంకా ఎక్కువ పడితే సన్నం, తక్కువ పడితే లావు. చీటీ ఉంటే బరువొక్కటే చూడకుండా పొడవు కూడా చూడండి. మధ్యరకం నూలు 50 గ్రాములకి సుమారు 80 మీటర్లు వస్తుంది. అదే 50 గ్రాములకి 125 మీటర్లని ఉంటే అది సన్న దారం, 4.5 సూదులతో అల్లితే వలలా అవుతుంది.

నూలో, సింథటిక్కో తెలియకపోతే చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని, సింకు మీద ఉంచి వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. ఊలు వెంట్రుక కాలిన వాసన కొడుతుంది. సింథటిక్ కరిగి గట్టి ముద్దలా మిగులుతుంది.

ఇంత చిన్న వస్తువుకి కూడా నమూనా ముక్క అల్లాలా?

తుడిచే గుడ్డకి అక్కర్లేదు, గుడ్డే నమూనా. ఏదైనా వస్తువుకి తొడగాల్సినవైతే మాత్రం తప్పదు. 10 సెంటీమీటర్లకి 18 పడాల్సిన చోట 20 కుట్లు పడ్డాయనుకోండి. 36 కుట్ల ముక్క 20కి బదులు 18 సెంటీమీటర్లే వస్తుంది. గుడ్డలో అది ఎవరికీ కనబడదు. సీసా తొడుగులో అయితే సీసా దూరదు.

నమూనా ముక్క కనీసం 15 సెంటీమీటర్లుండాలి. అంచుల దగ్గర కుట్లు వంకరపోతాయి కాబట్టి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవాలి. కొలిచే ముందు ఉతికి ఆరబెట్టాలి. ఈ ఉతకడం దగ్గరే అందరూ ఎగ్గొడతారు. నూలు మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుంటుంది, పొడవులో ఎక్కువ. ఉతకని ముక్కని నమ్ముకుని అల్లిన తొడుగు రెండో వారానికి పొట్టిదవుతుంది.

సొంతంగా డిజైన్ చేయాలంటే కుట్ల లెక్క ఎలా కట్టాలి?

వరస ఇది: వస్తువుని కొలవడం, వదులా బిగువా తేల్చుకోవడం, కుట్లలోకి మార్చడం, ఎంచుకున్న అల్లికకి సరిపోయేలా సవరించడం.

సీసా తొడుగుతో చూద్దాం. సీసా చుట్టుకొలత 24 సెంటీమీటర్లు. తొడుగు జారిపోకుండా పట్టుకోవాలంటే పదో వంతు తగ్గించాలి, అంటే 21.6. నమూనాలో 10 సెంటీమీటర్లకి 20 కుట్లు పడ్డాయి, సెంటీమీటరుకి 2. 21.6ని 2తో గుణిస్తే 43.2. రెండు నిట్, రెండు పర్ల్ వేసే రిబ్‌కి నాలుగుతో భాగారం పోయే సంఖ్య కావాలి. కాబట్టి 44 కుట్లు.

వీటిని ఎక్కించి గుండ్రంగా కలిపి, కావలసినంత ఎత్తు రిబ్ వేయండి. అడుగుకి వచ్చాక ఒక చుట్టు మొత్తం పర్ల్ వేయండి. అక్కడ మడత గీత పడి అడుగు చదునుగా తిరుగుతుంది. తర్వాతి చుట్టులో 9 నిట్, 2 కుట్లు కలిపి ఒకటి, ఇలా నాలుగుసార్లు వేస్తే 40 మిగులుతాయి. ఆపై 6 నిట్, 2 కలిపి ఒకటి, ఐదుసార్లు: 35. తర్వాత 5 నిట్, 2 కలిపి: 30. ఇలా చుట్టుకి ఐదేసి తగ్గిస్తూ 5 కుట్లు మిగిలేదాకా వెళ్ళి, దారం తెంపి, ఆ 5 కుట్లలోంచి దూర్చి బిగించేయండి.

రిబ్ నమూనాని కొలిచేటప్పుడు కొంచెం లాగి పట్టుకుని కొలవండి, సీసా మీద అది ఎలా సాగి ఉంటుందో అలా. వదిలేసి కొలిస్తే కుట్లు అనవసరంగా పెరిగి తొడుగు వదులవుతుంది.

మూల నుంచి మూలకి అల్లే గుడ్డ పద్ధతి ఏమిటి? లాభమేమిటి?

లాభం ఏమిటంటే కొలత ముందే తేల్చుకోనక్కర్లేదు. 4 కుట్లు ఎక్కించి ఒక వరస నిట్ వేయండి. ఆ తర్వాత ప్రతి వరసా: 2 నిట్, దారాన్ని సూది మీదుగా తెచ్చి ఒక కొత్త కుట్టు, మిగతావన్నీ నిట్. వరసకి ఒక్కో కుట్టు పెరుగుతూ త్రికోణం వస్తుంది, అంచున చిన్న కన్నాల గొలుసు తయారవుతుంది. కావలసిన వెడల్పు వచ్చాక తగ్గించే వరసలు: 1 నిట్, 2 కలిపి ఒకటి, దారం సూది మీదుగా, మళ్ళీ 2 కలిపి ఒకటి, మిగతావి నిట్. 4 కుట్లు మిగిలాక ముగించాలి.

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. సూది మీద కనిపించే వెడల్పు గుడ్డ పక్క కొలత కాదు, మూలకి మూల కొలత. పక్క 20 సెంటీమీటర్లు కావాలంటే దాన్ని 1.4తో గుణించాలి, అంటే 28. సెంటీమీటరుకి 1.8 చొప్పున సుమారు 50 కుట్లదాకా పెంచాలి.

దారం తక్కువున్నప్పుడు ఇదే పద్ధతి కాపాడుతుంది. చుట్టని ముందే తూచుకోండి. సగం బరువుకి కాస్త ముందే పెంచడం ఆపి తగ్గించడం మొదలుపెడితే దారం చివరిదాకా సరిపోతుంది.

మసిగుడ్డ అల్లితే చెయ్యి కాలకుండా ఉంటుందా?

ఒక పొర నూలు అల్లికని నమ్ముకోవద్దు. కుట్ల మధ్య సందుల్లోంచి వేడి నేరుగా వస్తుంది. రెండు పొరలుండాలి, అల్లిక దట్టంగా ఉండాలి, కన్నాల డిజైన్లు అసలే వద్దు. తేలిక పద్ధతి: 36 కుట్లతో 72 గట్ల పొడవు పట్టీ అల్లి, మధ్యకి మడిచి, మూడు వైపులా కుట్టేయడం. 75 గ్రాములదాకా దారం పడుతుంది. లోపల పాత నూలు తువ్వాలు ముక్క పెడితే ఇంకా నయం. కుట్టే దారం కూడా నూలుదే వాడండి.

ఊలుతో అయితే అట్టకట్టించి చేస్తారు. నూటికి నూరు పాళ్ళు ఊలు కావాలి. మెషిన్‌లో ఉతకొచ్చని చీటీ మీద ఉన్న ఊలు పనికిరాదు, దాన్ని అట్టకట్టకుండా ముందే శుద్ధి చేసి ఉంటారు. 6 మిల్లీమీటర్ల సూదులతో, 10 సెంటీమీటర్లకి 15 కుట్లు పడేంత వదులుగా, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేయండి. వెడల్పులో సుమారు నాలుగో వంతు, ఎత్తులో అంతకంటే కొంచెం ఎక్కువ తగ్గుతుందనుకుంటే, చివరికి 20 సెంటీమీటర్ల చదరం రావడానికి 40 కుట్లతో 29 సెంటీమీటర్ల ఎత్తు అల్లాలి. 60 డిగ్రీల నీళ్ళలో, రాపిడి కోసం ఒక పాత జీన్స్‌తో కలిపి మెషిన్‌లో వేయండి. కుట్లు కనబడనంత దగ్గరపడ్డాక తీసి, చదరంగా లాగి ఆరబెట్టండి. ఒక్కో ఊలు ఒక్కో తీరు, ముందు చిన్న ముక్కతో చూసుకోవాల్సిందే.

ఏది వాడినా ఒక హెచ్చరిక: తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోకండి. నీళ్ళు వేడిని గబుక్కున చేతికి చేరవేస్తాయి, పైగా ఆవిరి పుడుతుంది.

కోస్టర్ అల్లితే అంచులు చుట్టుకుపోతున్నాయి, ఎందుకు?

ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేసే స్టాకినెట్ అల్లిక స్వభావమే అది. దానిలో నిట్ ముఖం అంతా ఒక వైపు, పర్ల్ బొడిపెలన్నీ ఇంకో వైపు ఉండడంతో రెండు వైపుల లాగుడు సమానంగా ఉండదు. పక్క అంచులు వెనక్కీ, పైనా కిందా అంచులు ముందుకీ తిరుగుతాయి. ఇస్త్రీ చేస్తే కాసేపు ఆగుతుంది, ఉతికితే మళ్ళీ మొదటికే.

నిట్, పర్ల్ రెండు వైపులా సమానంగా పడే అల్లిక ఎంచుకోండి. గార్టర్ సరే. మాస్ అల్లిక ఇంకా బాగుంటుంది: బేసి సంఖ్యలో కుట్లు, ప్రతి వరసా ఒక నిట్, ఒక పర్ల్, చివర నిట్. 19 కుట్లతో సుమారు 10 సెంటీమీటర్ల కోస్టర్ వస్తుంది.

నేత గుడ్డలా గట్టిగా రావాలంటే లినెన్ అల్లిక. సరిసంఖ్యలో కుట్లు. మొదటి వరస: 1 నిట్, దారం ముందుకు తెచ్చి 1 కుట్టుని అల్లకుండా మార్చడం, దారం వెనక్కి, ఇలా చివరిదాకా. రెండో వరస: 1 పర్ల్, దారం వెనక్కి తీసుకెళ్ళి 1 కుట్టుని అల్లకుండా మార్చడం, దారం ముందుకి. ఇది బాగా బిగుసుకుంటుంది కాబట్టి మామూలుకంటే ఒక మిల్లీమీటరు లావు సూదులు వాడండి. సగం కుట్లు అల్లకుండానే పోతాయి కనుక ఎత్తు పెరగడానికి ఓపిక కావాలి. అయినా కోస్టర్లకి దీన్ని మించింది లేదు.

నిలబడే బుట్ట ఎలా చేయాలి? ఎన్నిసార్లు అల్లినా కూలబడుతోంది.

అల్లిక వదులయినందుకే. చీటీ మీద రాసిన సూది సైజు ఒంటికి మెత్తగా ఉండేందుకు చెప్పింది. బుట్టకి కావాల్సింది బిగువు. మధ్యరకం నూలు రెండు పోగులు కలిపి, 5.5 సూదులతో, 10 సెంటీమీటర్లకి 14 కుట్లు పడేలా అల్లండి. చేతికి కష్టంగానే ఉంటుంది.

అడుగుకి 28 కుట్లతో 28 గట్ల గార్టర్ చదరం, సుమారు 20 సెంటీమీటర్లు. ముగించకండి. ఆ 28 కుట్లు సూది మీదే ఉంచి, పక్క అంచున గట్టుకి ఒకటి చొప్పున 28, మొదలుపెట్టిన అంచున 28, నాలుగో పక్కన 28 కొత్త కుట్లు ఎత్తండి, అంటే అంచులోంచి సూదితో దారం లాగి కొత్త కుట్లు తీయండి. మొత్తం 112. గుండ్రటి సూది (రెండు మొనలని తీగతో కలిపినది) మీద ఒక చుట్టు పర్ల్ వేస్తే అడుగుకీ గోడకీ మధ్య మడత పడుతుంది. తర్వాత అన్నీ నిట్ చుట్లు. ఎత్తు 17 సెంటీమీటర్లు వచ్చాక ముగించి, పై 5 సెంటీమీటర్లు బయటికి మడవండి. గోడ నిలబడడానికి ఆ మడతే ముఖ్యం, అందం కోసం కాదు. దారం 250 గ్రాములు పట్టొచ్చు, 300 దగ్గర పెట్టుకోండి.

సంచి పట్టీలు బరువుకి సాగి మోకాళ్ళదాకా వస్తున్నాయి. ఏం చేయాలి?

నాలుగైదు కుట్లతో పొడుగ్గా అల్లిన పట్టీ తప్పకుండా సాగుతుంది. దిశ మార్చండి. పట్టీ పొడవంతా కుట్లు ఎక్కించి, కొద్ది వరసలే అల్లి ముగించండి. మొదటి అంచూ చివరి అంచూ రెండు తాళ్ళలా పట్టుకుని సాగనివ్వవు. బరువు పడ్డాక 50 సెంటీమీటర్లుండాలంటే 42కి అల్లండి: సెంటీమీటరుకి 1.8 చొప్పున 76 కుట్లు, 8 వరసలు. పట్టీని సంచి అంచుకి కాకుండా, 4 సెంటీమీటర్లు కిందిదాకా పరిచి చదరంగా కుట్టండి.

36 కుట్లతో మొదలుపెడితే 41 అయ్యాయి. ఎక్కడినుంచి వచ్చాయి?

రెండు చోట్ల నుంచి. మొదటిది వరస ఆరంభం. దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు కాళ్ళు రెండూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండూ అల్లేస్తారు. దారం ఎప్పుడూ సూది కింద నుంచే వెనక్కి వెళ్ళాలి. రెండోది వరస మధ్యలో. నిట్ వేసేటప్పుడు దారం పొరపాటున ముందుకొచ్చి సూది మీద పడితే కొత్త కుట్టు పుడుతుంది, కింద కన్నం మిగులుతుంది. కన్నాలుంటే రెండోది, అంచు ఏటవాలుగా బయటికి పోతుంటే మొదటిది.

కుట్లు తగ్గుతుంటే జారిపోయినట్టు. ముందు ఆ కుట్టులో ఒక పిన్నీసు పెట్టి ఆపండి. స్టాకినెట్‌లో అయితే క్రోషే కొక్కెంతో కింది నుంచి ఒక్కో మెట్టు దారాన్ని ఆ కుట్టులోంచి లాక్కుంటూ పైకి రావచ్చు. గార్టర్‌లో ఒక మెట్టు ముందు నుంచి, ఒక మెట్టు వెనక నుంచి లాగాలి. ఐదారు వరసలకంటే లోతుకి జారితే విప్పడమే త్వరగా అవుతుంది.

గ్రాఫ్ కాగితం మీద గీసిన బొమ్మ అల్లికలో నొక్కుకుపోయింది.

గ్రాఫ్ గడి చదరం, కుట్టు చదరం కాదు. స్టాకినెట్‌లో 10 సెంటీమీటర్లకి అడ్డంగా 18 కుట్లుంటే నిలువుగా సుమారు 24 వరసలుంటాయి. 18 గడుల వెడల్పు, 18 గడుల ఎత్తుతో గీసిన వృత్తం 10 సెంటీమీటర్ల వెడల్పు, 7.5 సెంటీమీటర్ల ఎత్తుతో గుడ్డులా పడుతుంది. దాన్ని 24 గడుల ఎత్తుకి గీయండి. కాగితం మీద సాగదీసినట్టు కనిపిస్తే అల్లికలో సరిగ్గా వస్తుంది.

గుడ్డ మీద ఒకే రంగుతో బొమ్మ తేలాలంటే నేల నిట్, బొమ్మ పర్ల్. చుట్టూ మూడేసి కుట్ల గార్టర్ అంచు వదలండి. అంచు అంతకంటే వెడల్పయితే గార్టర్ ఎత్తు తక్కువ కాబట్టి పక్కలు లాక్కుపోయి మధ్యభాగం ఉబ్బుతుంది. సన్నటి గీతలు, కళ్ళూ ముక్కూలాంటివి తేలవు. ఆకు, హృదయం, ఇల్లులాంటి నిండు ఆకారాలే ఎంచుకోండి.

దారం సరిపోతుందో లేదో ముందే ఎలా చెప్పొచ్చు?

ఒక వరసకి గుడ్డ వెడల్పుకి మూడున్నర రెట్ల దారం పడుతుంది, ముగించే వరసకి నాలుగు రెట్లు ఉంచుకోండి. 20 సెంటీమీటర్ల గుడ్డ ముగించడానికి 80 సెంటీమీటర్లు, కొస దాచడానికి 15. మొదట్లో కొస వదిలి కుట్లు ఎక్కించే పద్ధతిలో కుట్టుకి 2 సెంటీమీటర్లు లెక్కేయండి.

కొత్త చుట్టని వరస మధ్యలో కాకుండా అంచున మొదలుపెట్టండి. ముడి వేస్తే నూలు జారి, నాలుగు ఉతుకుల తర్వాత ఊడుతుంది, తుడుస్తుంటే చేతికి తగులుతుంది కూడా. 15 సెంటీమీటర్ల కొస వదిలి, ఒక వైపు 5 సెంటీమీటర్లు, వెనక్కి తిరిగి 3, ఆపై ఏటవాలుగా ఇంకొంచెం, దారపు పోగుల మధ్యలోంచి గుచ్చుతూ దాచండి. అప్పటికప్పుడు తెగ్గోయకండి. ఒకసారి ఉతికి, ఆరాక మిగిలింది కత్తిరించండి.

ఉతకడం గురించి?

నూలు వస్తువులు 60 డిగ్రీల నీళ్ళకి తట్టుకుంటాయి. ముదురు ఎరుపు, నీలం మొదటి రెండు మూడుసార్లు రంగు దిగొచ్చు, విడిగా ఉతకండి. వెనిగర్‌లో నానబెడితే నూలు రంగు నిలబడుతుందన్న మాట నిజం కాదు. నీళ్ళు తేటపడేదాకా జాడించడమే దారి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే నూలు మీద పొర పట్టి నీళ్ళు పీల్చడం తగ్గుతుంది. బ్లీచ్ తరచూ వాడితే దారం పలచబడి చిరుగుతుంది.

ఇవే వస్తువులు క్రోషేతో చేస్తే మేలు కాదా?

బుట్టలు, కోస్టర్లు, సంచి పట్టీలకి క్రోషే బాగుంటుంది, గట్టిగా వస్తుంది, సాగదు. గుడ్డలకీ సీసా తొడుగులకీ నిట్టింగే నయం, మెత్తగా ఉంటుంది, సాగి పట్టుకుంటుంది. రెండూ వచ్చినవాళ్ళు నిట్టింగ్‌తో అల్లిన సంచికి క్రోషే పట్టీ వేస్తారు. పై జవాబులో చెప్పిన 76 కుట్ల తంటా ఉండదు.